ఏ ఖాతా లాక్ అవ్వదు, ఏ అలారం మోగదు: పాస్‌వర్డ్ స్ప్రేయింగ్‌ని లాగిన్ ఫెయిల్యూర్లలో పట్టుకోవడం ఎలా?

ఎనిమిది వందల మంది పనిచేసే ఆఫీసు అనుకోండి. ఐదుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే ఖాతా లాక్ అయ్యేలా పాలసీ పెట్టారు. దాడి చేసేవాడి దగ్గర ఆ ఎనిమిది వందల యూజర్‌నేమ్‌లూ ఉన్నాయి. వాడు ఒక్కో ఖాతా మీద ‘వెల్‌కమ్@123’ అని ఒక్కసారి కొట్టి చూస్తాడు. కుదరకపోతే రేపు ఊరి పేరు పక్కన ఈ ఏడాది సంఖ్య తగిలించి మళ్ళీ ఒక్కసారి. రోజుకి ఎనిమిది వందల ఫెయిల్యూర్లు పడ్డా ఒక్క ఖాతా కూడా లాక్ అవ్వదు. ఏ ఉద్యోగీ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయడు. ఎనిమిది వందల మందిలో ఒక్కరి పాస్‌వర్డ్ అలాంటిది అయినా చాలు, వాడి పని అయిపోయినట్టే.

దీన్నే పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అంటారు. ఖాతా లాకౌట్ పాలసీ దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ పాలసీ ఒక్కో ఖాతానే చూస్తుంది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఒక్కోటి విడిగా చూస్తే కాపీ కొట్టిన సంగతి బయటపడదు. పేపర్లన్నీ పక్కపక్కన పెడితే అందరిదీ ఒకటే తప్పు అని తెలిసిపోతుంది. లాగ్‌లనూ (ఎవరు ఎప్పుడు లాగిన్‌కి ప్రయత్నించారో సిస్టమ్ రాసుకునే రికార్డులు) అలాగే చూడాలి. ‘ఈ ఖాతాలో ఎన్ని తప్పులు?’ అని కాకుండా ‘ఒక చోటి నుంచి ఎన్ని వేర్వేరు ఖాతాల మీద తప్పులు పడ్డాయి?’ అని అడగాలి. ఈ గైడ్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇది చిన్న ఆఫీసుల సమస్య అనుకోకండి. రష్యా ప్రభుత్వ గూఢచారి విభాగానికి చెందినదిగా భావించే మిడ్‌నైట్ బ్లిజార్డ్ ముఠా 2023 నవంబరు చివర్లో మైక్రోసాఫ్ట్‌లోకి చొరబడింది ఈ పద్ధతిలోనే. పాత టెస్ట్ టెనెంట్‌లో (క్లౌడ్‌లో ఒక సంస్థకి కేటాయించిన విడి భాగం) రెండో అంచె ధృవీకరణ లేని ఒక ఖాతా వాళ్ళకి దొరికింది. కంపెనీ ఆ సంగతి గుర్తించింది 2024 జనవరి 12న. సిట్రిక్స్ సంస్థకైతే 2019 మార్చిలో ఎఫ్‌బీఐ వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆగంతకులు స్ప్రేయింగ్‌తోనే వచ్చి ఉంటారని ఎఫ్‌బీఐ అంచనా. 2018 అక్టోబరు నుంచీ వాళ్ళు లోపలికి వచ్చి పోతూనే ఉన్నారు.

1. ముందు లాగ్‌లు సరిగ్గా పడుతున్నాయా చూడండి

చాలా చోట్ల పని ఇక్కడే ఆగిపోతుంది. రూల్ బ్రహ్మాండంగా రాస్తారు, కానీ దానికి కావాల్సిన ఈవెంట్ అసలు రికార్డే అవ్వదు.

విండోస్ యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు ఖాతాలన్నిటినీ ఒకచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) ఉన్న నెట్‌వర్క్‌లో ప్రధానంగా చూడాల్సిన ఈవెంట్ నంబర్లు ఇవి:

- 4625: లాగిన్ ఫెయిల్ అయింది. ఎవరైనా ఏ మెషీన్ మీద ప్రయత్నించారో ఆ మెషీన్‌లోనే ఇది పడుతుంది.
- 4771: కెర్బరోస్ (టికెట్ల ఆధారంగా గుర్తింపు తేల్చే పద్ధతి) ప్రీ-ఆథెంటికేషన్, అంటే టికెట్ ఇచ్చే ముందు జరిగే పరిశీలన, ఫెయిల్. డొమైన్ కంట్రోలర్‌లో (ఆఫీసు ఖాతాల లాగిన్‌లు సరిచూసే సర్వర్) పడుతుంది.
- 4776: ఎన్‌టీఎల్‌ఎం అనే పాత విండోస్ పద్ధతిలో పాస్‌వర్డ్ సరిచూసిన రికార్డు. డొమైన్ ఖాతాలకైతే ఇదీ డొమైన్ కంట్రోలర్‌లోనే.
- 4768: కెర్బరోస్ టికెట్ అడిగిన రికార్డు. లేని యూజర్‌నేమ్‌లతో అడిగినప్పుడు ఇది పనికొస్తుంది.
- 4624: లాగిన్ సక్సెస్. 4740: ఖాతా లాక్ అయింది.

డొమైన్ కంట్రోలర్ల నుంచి 4625 ఒక్కటే తెచ్చుకుని ‘అన్నీ చూస్తున్నాం’ అనుకునే టీములు చాలానే ఉంటాయి. దాడి చేసేవాడు ఒక ఫైల్ సర్వర్ మీద ప్రయత్నిస్తే 4625 ఆ ఫైల్ సర్వర్‌లో పడుతుంది. డొమైన్ కంట్రోలర్‌లో కనిపించేది 4776 మాత్రమే. కెర్బరోస్ ద్వారా స్ప్రే చేస్తే కనిపించేది 4771. ఈ మూడూ కలిపి చూడకపోతే సగం దాడులు కంటపడవు. గ్రూప్ పాలసీలో (అన్ని విండోస్ మెషీన్లకీ ఒకేచోటి నుంచి సెట్టింగ్‌లు పెట్టేది) అడ్వాన్స్‌డ్ ఆడిట్ సెట్టింగ్‌ల కింద లాగాన్, క్రెడెన్షియల్ వాలిడేషన్, కెర్బరోస్ ఆథెంటికేషన్ సర్వీస్ మూడింటికీ సక్సెస్, ఫెయిల్యూర్ రెండూ ఆన్ చేయండి. ఒక్క డొమైన్ కంట్రోలర్ నుంచి లాగ్‌లు రాకపోయినా ఆ మేరకు దాడి మీకు కనబడనట్టే.

క్లౌడ్ వైపు మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీ (క్లౌడ్ ఖాతాల లాగిన్‌లు చూసుకునే సేవ) సైన్-ఇన్ లాగ్‌లు తీసుకోండి. ఉచిత ప్లాన్‌లో అవి ఏడు రోజులే ఉంటాయి, పీ1, పీ2 లైసెన్సులుంటే ముప్పై రోజులు. సిట్రిక్స్ లాంటి కేసులో ఆగంతకుడు దాదాపు ఐదు నెలలు తిరిగాడు కాబట్టి ముప్పై రోజుల లాగ్‌తో మొదటి అడుగు ఎప్పుడు పడిందో ఎన్నటికీ తెలియదు. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు లాగ్‌లను 180 రోజులు భద్రంగా ఉంచాలి. కాబట్టి వేరే చోటికి ఎగుమతి చేసి దాచుకోవడం ఎలాగూ తప్పదు.

వీపీఎన్ గేట్‌వే, వెబ్‌మెయిల్, ఇంటర్నెట్ వైపు తెరిచి ఉన్న ప్రతి లాగిన్ పేజీ కూడా లిస్టులో ఉండాలి. లినక్స్ సర్వర్లలో ఉబుంటు, డెబియన్ అయితే ఆథ్.లాగ్ ఫైలు, రెడ్‌హ్యాట్ కుటుంబం అయితే సెక్యూర్ ఫైలు. అక్కడ ఫెయిల్‌టుబ్యాన్ (తప్పులు ఎక్కువైన ఐపీ అడ్రస్‌ని ఆపేసే టూల్) ఉందని ధీమా పడొద్దు. మామూలు సెట్టింగ్‌లో అది పది నిమిషాల్లో ఒకే ఐపీ నుంచి ఐదు తప్పులు పడితేనే కదులుతుంది. గంటకి రెండు ప్రయత్నాలు చేసేవాణ్ని అదేమీ చేయలేదు.

అన్ని మెషీన్ల గడియారాలూ ఒకే టైమ్ సర్వర్‌తో కలిసి ఉండాలి. ఒకటి ఐఎస్‌టీలో, ఇంకోటి యూటీసీలో రాస్తుంటే ఐదున్నర గంటల తేడాతో మీ విశ్లేషణంతా గందరగోళం అవుతుంది.

2. ఫెయిల్యూర్ ఎందుకు అయిందో చెప్పే కోడ్‌ని చదవండి

‘ఫెయిల్’ అన్న మాట ఒక్కటే చాలదు. ఎందుకు ఫెయిల్ అయిందో తెలిస్తేనే కథ అర్థమవుతుంది.

4625లో సబ్ స్టేటస్ అనే గడి ఉంటుంది. అందులో కోడ్ చివర 6ఎ అని ఉంటే ఖాతా ఉంది, పాస్‌వర్డ్ తప్పు. చివర 64 ఉంటే అసలు అలాంటి ఖాతాయే లేదు. 234 ఉంటే లాక్ అయిన ఖాతా, 72 ఉంటే డిసేబుల్ చేసిన ఖాతా. 4776లోనూ ఇవే కోడ్‌లు కనిపిస్తాయి. 4771లో హెక్స్ 18 (లాగ్‌లో 0x18 అని ఉంటుంది) అంటే పాస్‌వర్డ్ తప్పు. 4768లో హెక్స్ 6 అంటే ఆ పేరుతో ఎవరూ లేరు.

ఎంట్రా ఐడీలో 50126 అంటే యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు, 50034 అంటే ఆ యూజర్ లేడు, 50053 అంటే స్మార్ట్ లాకౌట్ (తప్పులు ఎక్కువైతే ఎంట్రా వేసే తాత్కాలిక లాక్) పడింది లేదా అనుమానాస్పద ఐపీని ఆపేశారు.

జాగ్రత్తగా చూడాల్సిన కోడ్‌లు ఇంకో రెండున్నాయి: 50076, 53003. మొదటిది రెండో అంచె ధృవీకరణ అడిగినప్పుడు, రెండోది కండిషనల్ యాక్సెస్ పాలసీ (చోటు, పరికరం లాంటి షరతులు చూసేది) ఆపినప్పుడు పడతాయి. రిపోర్టులో రెండూ ‘ఫెయిల్యూర్’ కిందే కనిపిస్తాయి కాబట్టి చాలామంది ‘సరే, ఆగిపోయింది కదా’ అని వదిలేస్తారు. కానీ అక్కడిదాకా వచ్చాడంటే పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాడని అర్థం. తెలియని ఐపీ నుంచి 50126లు వరసగా పడి, మధ్యలో ఒక 50076 కనిపిస్తే ఆ ఉద్యోగి పాస్‌వర్డ్ బయటివాడి చేతిలో ఉన్నట్టే. అన్ని అలర్ట్‌ల కంటే ముందు చూడాల్సింది దాన్నే.

3. మీ నెట్‌వర్క్‌లో మామూలు రోజు ఎలా ఉంటుందో తెలుసుకోండి

‘అసాధారణం’ అనాలంటే సాధారణం ఏమిటో ముందు తెలియాలి. కనీసం నాలుగు వారాల లాగ్ తీసుకుని గంట గంటకీ మూడు లెక్కలు వేయండి: మొత్తం ఫెయిల్యూర్లు, ఫెయిల్యూర్ పడిన వేర్వేరు ఖాతాలు, ఒక్కో ఐపీ నుంచి తప్పు పడిన వేర్వేరు ఖాతాలు.

సోమవారం ఉదయం తొమ్మిది, పది మధ్య లెక్క బాగా పైకి లేస్తుంది. సెలవుల నుంచి వచ్చినవాళ్ళు పాస్‌వర్డ్ మర్చిపోతారు. సంక్రాంతి తర్వాత మొదటి పనిదినం ఎలా ఉంటుందో ఏ హెల్ప్‌డెస్క్ కుర్రాణ్ని అడిగినా చెబుతాడు. హైదరాబాద్‌లో అమెరికా టైమింగ్స్‌కి పనిచేసే టీములుంటే సాయంత్రం ఆరు తర్వాత ఇంకో చిన్న ఎత్తు వస్తుంది. అందుకే రోజు మొత్తానికి ఒకే సగటు పెట్టొద్దు. సోమవారం పొద్దుటిని సోమవారం పొద్దుటితోనే, ఆదివారం రాత్రిని ఆదివారం రాత్రితోనే పోల్చాలి. ఆదివారం రాత్రి రెండింటికి నలభై ఖాతాల్లో తప్పులు పడితే కంగారు పడాలి. అదే నలభై సోమవారం పొద్దున పడితే పట్టించుకోనక్కర్లేదు.

4. మొదటి రూల్ రాయండి

మీ సీమ్ టూల్ (లాగ్‌లన్నీ ఒకచోట చేర్చి అలర్ట్ ఇచ్చేది) ఏదైనా లాజిక్ ఇదే. ముప్పై నిమిషాల కిటికీలో ఒకే సోర్స్ ఐపీ నుంచి పది కంటే ఎక్కువ వేర్వేరు ఖాతాల్లో పాస్‌వర్డ్ తప్పు పడి, ఒక్కో ఖాతాకి సగటు ప్రయత్నాలు రెండుకి మించకపోతే అలర్ట్ ఇవ్వాలి.

అందులో రెండో షరతే ముఖ్యం. ఒక ఐపీ నుంచి రెండు ఖాతాల మీద ఐదు వందల తప్పులు పడితే అది బ్రూట్ ఫోర్స్ (ఒకే ఖాతా మీద పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూడటం), లేదంటే పాత పాస్‌వర్డ్‌తో కొట్టుకుంటున్న ఏదో స్క్రిప్ట్. ఒక ఐపీ నుంచి యాభై ఖాతాల మీద యాభై రెండు తప్పులు పడితే అది స్ప్రే ఆకారం. పది అనే సంఖ్య మొదలుపెట్టడానికి మాత్రమే. మూడో మెట్టులో వేసిన లెక్క చూసి మీ నెట్‌వర్క్‌కి తగినట్టు పెంచండి, తగ్గించండి.

4776లో ఐపీ ఉండదు, వర్క్‌స్టేషన్ పేరు మాత్రమే ఉంటుంది. ఆ పేరు పంపేది అవతలివాడే కాబట్టి దాన్ని ఖాళీగా వదలొచ్చు, దొంగపేరు పెట్టొచ్చు. అందుకే పేరుతో లెక్కేసినా, మీ మెషీన్ల జాబితాలో లేని పేరు కనిపిస్తే దాన్ని విడిగా అలర్ట్‌గా పెట్టండి.

సీమ్ కొనే బడ్జెట్ లేని చిన్న ఆఫీసుకి ఒక దారి ఉంది. యాక్టివ్ డైరెక్టరీలో ప్రతి ఖాతాకీ చివరిసారి పాస్‌వర్డ్ తప్పు పడిన సమయం ఒక గడిలో రాసి ఉంటుంది. విండోస్ కమాండ్ టూల్ పవర్‌షెల్‌తో అన్ని ఖాతాలకీ దాన్ని తీసి టైమ్ ప్రకారం వరసలో పెట్టండి. స్ప్రే జరిగి ఉంటే వందల ఖాతాల సమయాలు పది, ఇరవై నిమిషాల లోపల గుంపుగా కనిపిస్తాయి. కాకపోతే ఆ గడి ఒక డొమైన్ కంట్రోలర్ నుంచి ఇంకోదానికి కాపీ అవ్వదు, అన్నిటినీ విడివిడిగా అడగాలి.

5. నెమ్మదిగా వచ్చేవాడికీ, ఐపీలు మార్చేవాడికీ వేరే రూల్స్

పైన చెప్పిన రూల్ తొందరపడేవాణ్ని పట్టుకుంటుంది. మిడ్‌నైట్ బ్లిజార్డ్ లాంటివాళ్ళు తొందరపడరు. వాళ్ళు కొద్ది ఖాతాల మీద కొద్ది ప్రయత్నాలు మాత్రమే చేశారు, అవీ మామూలు ఇళ్ళ ఇంటర్నెట్ కనెక్షన్ల గుండా పంపించారు. ప్రతి ప్రయత్నం వేరే ఐపీ నుంచి వస్తే ఐపీ లెక్క మనకి పనికిరాదు.

నెమ్మదిగా చేసేవాడి కోసం అదే రూల్‌ని ఇరవై నాలుగు గంటల కిటికీతో ఇంకోసారి నడపండి. గంటకి రెండే ఖాతాలు ప్రయత్నించినా రోజుకి నలభై ఎనిమిది అవుతాయి.

ఐపీలు మార్చేవాడి కోసం ఐపీని లెక్కలోంచి తీసేయాలి. ‘ఈ గంటలో ఇంతకుముందు తను ఎప్పుడూ వాడని ఐపీ నుంచి తప్పు పడిన ఖాతాలు ఎన్ని?’ అని అడగండి. ఉద్యోగి తన పాస్‌వర్డ్ తప్పు కొడితే సాధారణంగా తన ఇంటి నుంచో ఆఫీసు నుంచో కొడతాడు. ఒకే గంటలో ముప్పై మంది, ముప్పై కొత్త ఐపీల నుంచి, ఒక్కోసారి చొప్పున తప్పు కొట్టడం కాకతాళీయం కాదు. అక్కడి నుంచి మిగతా గడుల ప్రకారం గుంపులు కట్టి చూడండి. అందరిదీ ఒకటే యూజర్ ఏజెంటా (ఏ బ్రౌజర్ లేదా టూల్ నుంచి వచ్చిందో చెప్పే గుర్తు)? అందరూ ఒకటే అప్లికేషన్ మీదకి వస్తున్నారా? ఐపీలు మార్చడం వాడికి తేలిక, కానీ టూల్ పంపే యూజర్ ఏజెంట్‌ని మార్చడం చాలామంది మర్చిపోతారు.

ఐమ్యాప్, పాప్ లాంటి పాత మెయిల్ ప్రోటోకాల్స్ మీద ఒక కన్నేసి ఉంచండి. వాటిలో రెండో అంచె అడగడానికి వీలుండేది కాదు కాబట్టి స్ప్రే చేసేవాళ్ళకి అవి చాలా ఇష్టం. తన క్లౌడ్ మెయిల్ సేవ ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్‌లో బేసిక్ ఆథెంటికేషన్‌ని (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రమే పంపే పాత పద్ధతి) మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు నుంచి ఆపేస్తూ వచ్చింది. సొంత మెయిల్ సర్వర్ నడిపేవాళ్ళకి మాత్రం ఆ బెడద ఇంకా అలాగే ఉంది.

6. అలర్ట్ వచ్చాక ముడి లాగ్‌ని కళ్ళతో చదవండి

గ్రాఫ్ చూసి తేల్చేయకండి. ఇలాంటి ముక్క ఒకటి మీ ముందు ఉందనుకోండి:

02:10:04 – అనిల్.బి – 6ఎ
02:10:41 – అనురాధ.కె – 6ఎ
02:11:19 – అపర్ణ.వి – 64
02:11:55 – అశోక్.ఎం – 6ఎ
02:12:33 – భాస్కర్.టి – 6ఎ

పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి. మనుషులు అక్షర క్రమంలో పాస్‌వర్డ్ మర్చిపోరు, ఇది ఫైల్లోంచి ఒక్కో లైనూ చదువుతున్న స్క్రిప్ట్. ఒక్కో ప్రయత్నానికీ మధ్య 36 నుంచి 38 సెకన్లు ఉంది. వేగం ఎక్కువైతే దొరికిపోతానని వాడు కావాలనే ఆగుతున్నాడు. మూడో లైనులో 64 ఉంది, అంటే అపర్ణ అనే ఖాతా ఇప్పుడు లేదు. ఆమె ఎప్పుడో ఉద్యోగం మానేసి ఉంటే, వాడి చేతిలో ఉన్నది మీ పాత ఉద్యోగుల జాబితా అన్నమాట. లింక్డ్‌ఇన్‌లోంచి పోగేసి ఉండొచ్చు, పాత లీక్‌లోంచి తీసి ఉండొచ్చు. ఆమె ఎప్పుడు మానేసిందో హెచ్‌ఆర్‌ని అడిగితే జాబితా ఏ కాలానిదో కూడా తెలుస్తుంది.

అక్షర క్రమం ఎప్పుడూ కనిపించదు, తెలివైనవాడు పేర్లు కలగాపులగం చేస్తాడు. ఒకే రకమైన విరామం మాత్రం చాలాసార్లు దొరుకుతుంది.

7. దాడిలా కనిపించే మామూలు సంగతులు

వారం రోజుల్లోనే మీకు విసుగు తెప్పించేవి ఇవే. బ్రాంచ్ ఆఫీసులో రెండు వందల మంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు, కాబట్టి అక్కడ పదిమంది తప్పు కొట్టడం మామూలే. అలాంటి ఐపీలకి ఫెయిల్యూర్ల సంఖ్య కాకుండా సక్సెస్‌తో పోల్చిన నిష్పత్తి చూడండి. బ్రాంచ్ ఐపీ నుంచి పది తప్పులతో పాటు నూట యాభై సక్సెస్‌లు ఉంటాయి, స్ప్రే ఐపీ నుంచి అన్నీ తప్పులే ఉంటాయి.

లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ని సర్వర్లకి పంచేది) వెనక ఉన్న అప్లికేషన్ అయితే లాగ్‌లో ప్రతి ఒక్కరి ఐపీ లోడ్ బ్యాలెన్సర్‌దే పడుతుంది. అసలు క్లయింట్ ఐపీని హెడర్‌లోంచి తీసుకుని రాసేలా సెట్ చేయకపోతే రూల్ రోజూ మోగుతుంది, మూడో రోజుకి దాన్ని ఎవరో ఆపేస్తారు.

సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ మార్చి ఇరవై సర్వర్లలో అప్‌డేట్ చేయడం మర్చిపోతే ఫెయిల్యూర్లు కుప్పలుగా వస్తాయి. కానీ అది ఒకే ఖాతా, అనేక మెషీన్లు, అంటే స్ప్రేకి సరిగ్గా తలకిందులు. పాస్‌వర్డ్ మార్చినా ఫోన్‌లోని మెయిల్ యాప్ పాతదే పంపుతూ ఉండటం కూడా ఒక ఖాతా సంగతే. వల్నరబిలిటీ స్కానర్‌ని (మెషీన్లలో భద్రతా లోపాలు వెతికే టూల్) మాత్రం ముందే గుర్తించి, దాని ఐపీనీ, అది నడిచే వేళనీ కలిపి మినహాయించండి. ఐపీ ఒక్కటే మినహాయిస్తే, ఆ స్కానర్‌నే ఎవరైనా ఆక్రమించిన రోజున మీకు ఏమీ కనిపించదు.

8. ఎర ఖాతాలు పెట్టండి

నన్ను అడిగితే ఖర్చు లేకుండా ఎక్కువ పని చేసేది ఇదే. నిజం ఉద్యోగి పేరులా కనిపించే రెండు మూడు ఖాతాలు సృష్టించండి. చాలా పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి, ఏ అనుమతులూ ఇవ్వకుండా, ఎవరూ వాడకుండా వదిలేయండి. అక్షర క్రమంలో మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉంటే మంచిది. కంపెనీ అడ్రస్ బుక్‌లో కనిపించాలి. వాటి మీద ఒక్క ఫెయిల్యూర్ పడినా అలర్ట్ రావాలి. అక్కడ లెక్కలూ సగటులూ అక్కర్లేదు, ఎందుకంటే ఆ ఖాతాతో లాగిన్ అవ్వాల్సిన మనిషే లేడు.

9. రూల్ నిజంగా మోగుతుందో లేదో పరీక్షించండి

రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పదిహేను టెస్ట్ ఖాతాలు పెట్టి ఒక మెషీన్ నుంచి ఒక్కోదానికీ ఒక్కో తప్పు పాస్‌వర్డ్ కొట్టండి. ఒకసారి కెర్బరోస్ ద్వారా, ఒకసారి వీపీఎన్ ద్వారా, ఒకసారి వెబ్‌మెయిల్ ద్వారా. ఎన్ని నిమిషాల్లో అలర్ట్ ఎవరి ఫోన్‌కి వచ్చిందో రాసుకోండి. పరీక్ష అయ్యాక ఆ ఖాతాలు తీసేయడం మర్చిపోవద్దు. మైక్రోసాఫ్ట్ విషయంలో దారి ఇచ్చింది అలాంటి ఖాతానే.

10. నిజంగానే స్ప్రే అని తేలితే

ఫెయిల్యూర్లని పక్కన పెట్టి ముందు సక్సెస్ వెతకండి. ఆ ఐపీ నుంచి, ఆ యూజర్ ఏజెంట్‌తో, ఆ కాలంలో 4624 గానీ క్లౌడ్‌లో సక్సెస్ గానీ 50076, 53003 గానీ ఉన్నాయా? పైన చూపించిన లాగ్‌లో 02:19కి ఒక సక్సెస్ పడి ఉంటే, వందల ఫెయిల్యూర్ల మధ్య చూడాల్సిన లైను అదొక్కటే.

దొరికిన ఖాతా పాస్‌వర్డ్ మార్చండి, నడుస్తున్న సెషన్లన్నీ రద్దు చేయండి. పాస్‌వర్డ్ మార్చి సెషన్ వదిలేస్తే వాడు లోపలే ఉంటాడు. తర్వాత ఆ ఖాతాకి కొత్తగా ఫోన్ నంబర్ గానీ ఆథెంటికేటర్ గానీ చేర్చారా, మెయిల్‌లో ఫార్వార్డింగ్ రూల్ పెట్టారా, ఏ అప్లికేషన్‌కైనా అనుమతి ఇచ్చారా చూడండి. మైక్రోసాఫ్ట్ కేసులో టెస్ట్ ఖాతా నుంచి అసలు మెయిల్‌బాక్సుల దాకా వెళ్ళింది పాత టెస్ట్ అప్లికేషన్‌కి ఉన్న అనుమతుల మీదే.

లాగిన్ జరిగి ఉంటే సర్ట్-ఇన్‌కి తెలపాలి. గమనించిన ఆరు గంటల్లోపు అన్నది 2022 ఆదేశాల్లోని గడువు. అర్ధరాత్రి దొరికితే ఎవరు పంపాలి, ఏ ఫారం అన్నది ముందే రాసి పెట్టుకోండి.

ఉద్యోగితో మాట్లాడేటప్పుడు దబాయించకండి. ‘మీ పాస్‌వర్డ్ ఏమిటి?’ అని అడగొద్దు కూడా. ‘నిన్న రాత్రి రెండింటికి మీరు లాగిన్ అయ్యారా?’ అన్న ప్రశ్న చాలు. ఉద్యోగులంతా ‘కంపెనీ పేరు@123’ లాంటివి వాడుతున్నారంటే ఆ తప్పు ఒక్కరిది కాదు. ఎంట్రా పాస్‌వర్డ్ ప్రొటెక్షన్‌లో సొంతంగా నిషేధించిన పదాల జాబితా పెట్టుకునే వీలుంది. అందులో కంపెనీ పేరు, ఊరి పేరు, మీ ప్రొడక్టుల పేర్లు చేర్చండి.

ఆ ఐపీని బ్లాక్ చేసినా కనీసం నెల రోజులు అదే యూజర్ ఏజెంట్ మీద, అదే ఖాతాల జాబితా మీద నిఘా కొనసాగించండి. జాబితా వాడి దగ్గరే ఉంది, ఇంకో పాస్‌వర్డ్‌తో మళ్ళీ వస్తాడు.